ఖర్జూర మట్టల కింద కలుపు: ఎప్పుడు అణుగుతుంది, ఎప్పుడు లేస్తుంది

నేల మీద పరిచిన పంట చెత్త కలుపును అణచివేస్తుందన్న మాట సగమే నిజం. ఒకే తోటలో, ఒకే నీటి కింద, ఒకే రకం చెత్త పరిచిన రెండు పాదుల్లో ఒకటి శుభ్రంగా ఉంటుంది. రెండోది చెత్తే వేయని పాదుకన్నా ఎక్కువ మొలకలతో పచ్చబడుతుంది. చెత్త ఎంత మందాన ఉంది, కింద ఉన్నది ఏ గింజ, అక్కడి నేల ఎంత వేడి, ఎంత తడి అన్న వాటి మీద ఫలితం తేలుతుంది. సౌదీ అరేబియాలోని ఉనైజా లాంటి చోట ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ ఎండా విపరీతమే, నీటి కరువూ విపరీతమే.

ఉనైజా అల్ ఖసీమ్ ప్రాంతంలో, వాదీ అల్ రుమ్మా అనే ఎండిన ఏటి ఒడ్డున, బురైదాకు దక్షిణాన ఉంది. సుక్కరీ ఖర్జూరానికి పేరుపడ్డ సీమ అది. ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 150 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనో అంతకన్నా తక్కువగానో ఉంటుంది. మన రాయలసీమలో అతి తక్కువ వాన పడే మండలాల్లో కూడా దానికి మూడింతలు పడుతుంది. వ్యవసాయమంతా బోర్ల మీదే. సాఖ్ అనే ఇసుకరాతి పొరలో వేల ఏళ్లనాడు నిలిచిపోయిన పాత నీటిని పైకి తోడతారు. ఆ నీరు మళ్లీ ఊరేది నామమాత్రం. కలుపు కూడా ఆ నీరు పారినంత మేరే ఉంటుంది. పాదులో, కాలువ గట్టున, డ్రిప్పు గొట్టం కారే చోట మొలుస్తుంది, రెండడుగులు పక్కకు జరిగితే ఉత్త ఇసుకే. కలుపు తాగే ప్రతి చుక్కా మళ్లీ ఊరని నీటిలోంచే పోతుంది కాబట్టి అక్కడ దాని బెడదను కూలి ఖర్చుతో మాత్రమే లెక్కగట్టలేం.

అక్కడ పరవడానికి దొరికే చెత్త ఏది? ఒకప్పుడు ఖసీమ్ గోధుమ పొలాలకు నెలవు. బోరు చుట్టూ గుండ్రంగా తిరిగే పెద్ద నీటి యంత్రాల కింద పండించిన గోధుమతో 1990ల మొదట్లో సౌదీ దిగుబడి ఏటా 40 లక్షల టన్నుల దాకా చేరింది. భూగర్భ జలం తరిగిపోతోందని 2008లో ప్రభుత్వం ఆ గోధుమ సేకరణను ఏటేటా తగ్గించుకుంటూ 2016కల్లా ఆపేయాలని నిర్ణయించింది. పైగా గోధుమ గడ్డిని గొర్రెలు, ఒంటెలు నేల మీద మిగలనివ్వవు. తోటలో మిగిలేవి ఖర్జూర మట్టలు. ఒక్కో చెట్టు నుంచి ఏడాదికి పది పదిహేను ఎండు మట్టలు నరకాల్సి వస్తుంది. దేశం మొత్తం మీద మూడు కోట్లకు పైగా ఖర్జూర చెట్లున్నాయి. వాటి మట్టలను గుట్టలు పోసి కాల్చడం కన్నా ముక్కలు చేసి పాదుల్లో పరవడం మేలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. అలా పరిచిన పొర కింద ఏం జరుగుతుందో తెలిస్తే గానీ దాన్ని సరిగ్గా వాడలేం.

గింజ దేనికోసం కాచుకుంటుంది

సాగు నేలలో చదరపు మీటరుకు వేల కొద్దీ కలుపు గింజలుంటాయి. ఏ ఒక్క కాలంలోనూ అవన్నీ మొలవవు. తడి తగిలినంత మాత్రాన మొలిచేస్తే, అరడుగు లోతున ఉన్న గింజ పైకి రాలేక మధ్యలోనే చస్తుంది. పెద్ద మొక్కల నీడలో మొలిచినదీ బతకదు. అందుకే చాలా కలుపు జాతుల గింజలకు రెండు మూడు గుర్తులు కలిసి రావాలి. తడి ఉండాలి, వెలుగు తగలాలి, పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ తేడా ఉండాలి. కొన్నింటికి మట్టిలో నైట్రేటు కూడా కావాలి. పైన నేల ఖాళీగా ఉందనీ, తాను పైపొరలోనే ఉన్నాననీ గింజకు తెలిసేది వీటితోనే.

చెత్త పొర ఈ గుర్తులన్నిటినీ ఒకేసారి మారుస్తుంది. కొన్నింటిని కప్పేస్తుంది, తడిని మాత్రం పెంచుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

వెలుగు

మట్టిలోకి వెలుగు కొన్ని మిల్లీమీటర్లకు మించి దిగదు. ఇసుకలో కాస్త ఎక్కువ, బంకమట్టిలో ఇంకా తక్కువ. చిలకతోటకూర, పావిలికూర, చక్రవర్తికూర లాంటి చిన్న గింజల కలుపు పైపొరలోంచే ఎక్కువగా మొలవడానికి ఇదొక కారణం. తడిసిన గింజలో ఫైటోక్రోమ్ అనే వర్ణద్రవ్యం ఉంటుంది. ఎర్రని వెలుగు పడగానే అది రూపు మార్చుకుని మొలకకు అనుమతి ఇస్తుంది. ఎండలో ఎర్రని వెలుగు దండిగా ఉంటుంది. పచ్చని ఆకుల గుండా వడబోసి వచ్చిన వెలుగులో అది పోయి, దానికి అవతలి అంచున కంటికి సరిగా ఆనని దూర ఎరుపు మిగులుతుంది. ఆ వెలుగు పడితే ఫైటోక్రోమ్ తిరిగి పాత రూపానికి వచ్చేస్తుంది.

ఎండు మట్టల ముక్కలు దట్టంగా పరిస్తే ఏ వెలుగూ కిందికి రాదు. మట్టను నరికింది నరికినట్టు అడ్డంగా పడేస్తే సంగతి వేరు. ఈనెకు రెండు పక్కలా ఉన్న ఆకుల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా నేలను తాకుతుంది. గింజకు ఆ కాస్త చాలు.

---

పెట్టె: చివరి వెలుగుదే మాట

అమెరికా వ్యవసాయ శాఖ వారి బెల్ట్స్‌విల్ కేంద్రంలో హ్యారీ బోర్త్‌విక్, స్టెర్లింగ్ హెండ్రిక్స్, వారి సహచరులు లెట్యూస్ గింజల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు 1952లో వెలువడ్డాయి. తడిపిన గింజల మీద ఎర్రని వెలుగు వేస్తే మొలిచాయి. ఆ వెంటనే దూర ఎరుపు వేస్తే మొలవలేదు. ఇలా ఒకటి తర్వాత ఒకటి ఎన్నిసార్లు మార్చి వేసినా, చివరిసారి పడ్డ వెలుగు ఏదైతే దాని ప్రకారమే గింజ నడిచింది. ఈ పని చేసే వర్ణద్రవ్యాన్ని అదే కేంద్రంలో 1959లో గుర్తించారు.

కొంతకాలం మట్టిలో పూడి ఉన్న కొన్ని కలుపు గింజలకు వెలుగు మీద మరీ సున్నితత్వం వస్తుంది. దుక్కిలో మట్టి తిరగబడ్డప్పుడు రెప్పపాటు కన్నా తక్కువసేపు ఎండ తగిలి, మళ్లీ మట్టిలో పడిపోయినా సరే, అవి మొలుస్తాయి. అందుకే జర్మనీలో రాత్రిపూట దున్ని చూశారు. ఆ ప్రయోగ ఫలితాలు 1990లో వచ్చాయి. తర్వాత వేర్వేరు చోట్ల చేసిన పరీక్షల్లో ఫలితం ఒక్కలా రాలేదు. దున్నకుండా చెత్త పరిచే పద్ధతిలో మాత్రం ఆ తొలి మెరుపు గింజకు అందే అవకాశమే తక్కువ.

---

వేడి

ఎండాకాలం మధ్యాహ్నం ఖసీమ్ ఇసుక ఉపరితలం చేయి పెట్టలేనంతగా కాలుతుంది, తెల్లవారుజామున చల్లబడుతుంది. ఈ హెచ్చుతగ్గులు నేల పైపొరలోనే ఎక్కువ. పది పదిహేను సెంటీమీటర్లు దిగితే చాలా తగ్గిపోతాయి. ఈ హెచ్చుతగ్గులను బట్టి గింజకు తన లోతు తెలుస్తుంది. చెత్త పొర కింద పగలు నేల అంత కాలదు, రాత్రి అంత చల్లారదు. పైపొరలో ఉన్న గింజకు కూడా తాను లోతున ఉన్నట్టే తోస్తుంది. హెచ్చుతగ్గుల కోసం చూసే జాతులు ఇక్కడ ఆగిపోతాయి. కానీ వేడి తగ్గడం వల్ల మేలు పొందే జాతులూ ఉన్నాయి.

పైకి చేరే దారి

గుర్తులన్నీ కుదిరి గింజ మొలిచినా, కథ అక్కడితో అయిపోదు. ఆకు ఎండను తాకేదాకా మొలకకు తిండి గింజలో ఉన్నదే. బాటసారి కట్టుకెళ్లే సద్దిమూట లాంటిది అది. ప్రయాణం మూటకు మించితే మొలక దారిలోనే పడిపోతుంది. తోటకూర జాతి కలుపు గింజ అర మిల్లీగ్రాము కూడా తూగదు. పావిలికూర గింజ ఒక మిల్లీగ్రాములో పదో వంతు దరిదాపుల్లో ఉంటుంది. గోధుమ గింజ 40 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఒకే మందం చెత్త పొరలోంచి గోధుమ మొలక నిబ్బరంగా దూసుకొస్తుంది, తోటకూర మొలక రాలేదు. మందపాటి చెత్త మధ్య పైరు బతికి కలుపు చావడం వెనక ఉన్న కిటుకు ముఖ్యంగా ఈ తేడాయే.

పది రోజుల కింద పరిచిన దట్టమైన పొరను చేత్తో పక్కకు తీసి చూస్తే ఈ ప్రయాణం కళ్లకు కడుతుంది. తెల్లగా, దారంలా సాగిన కాడ ఉంటుంది. దాని చివర విచ్చుకోని రెండు పసుపు ఆకులు. కాడ నిటారుగా ఎక్కదు. ఒక ముక్కకు తగిలి పక్కకు వంగి, దాని అంచు చుట్టి, ఇంకో ముక్క కిందికి దూరుతుంది. పొర మందం ఐదు సెంటీమీటర్లే అయినా మొలక నడిచిన దూరం దానికన్నా బాగా ఎక్కువ. చాలా కాడలు మధ్యలోనే మెత్తబడి, గోధుమరంగుకు తిరిగి, నేలకు అతుక్కుపోయి ఉంటాయి. వీటిని చంపింది విషం కాదు, ఆకలి.

జాన్ టీస్‌డేల్, చార్లెస్ మోలర్ అనే అమెరికా కలుపు శాస్త్రవేత్తలు 2000లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో మేలిమి ఆధారం. మొక్కజొన్న కాడలు, రై గడ్డి, వెచ్ తీగ, ఓక్ ఆకులు, బెరడు ముక్కలు ఇలా రకరకాల చెత్తలను వేర్వేరు మోతాదుల్లో పరిచి, నాలుగు జాతుల కలుపు ఎంత మొలుస్తుందో చూశారు. అన్నిటికన్నా చిన్న గింజ ఉన్న తోటకూర జాతి మిగతావాటికన్నా ముందు లొంగింది. తుత్తురుబెండ జాతికి చెందిన వెల్వెట్‌లీఫ్ గింజ పెద్దది కనుక చివరిదాకా నిలిచింది. చెత్త ఏ మొక్కదన్నదాని కన్నా, నేలను ఎంత మేర కప్పింది, ఖాళీలు పోగా గట్టి పదార్థం ఎంత ఉందన్నవే ఫలితాన్ని నడిపాయని వారు చూపారు. మోతాదు పెంచేకొద్దీ మొలకలు తగ్గే తీరు కూడా ఒక పద్ధతిలో ఉంది. ఒక పొర మొలకలను సగానికి తగ్గిస్తే, దాని మీద అంతే మందాన వేసిన రెండో పొర మిగిలిన సగంలో సగం తగ్గిస్తుంది. సున్నా ఎప్పటికీ రాదు.

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో రై పైరును రోలరుతో నేలకు పడగొట్టి, కలుపు మందు లేకుండా సోయా వేసే రైతులకు హెక్టారుకు ఎనిమిది టన్నులకు పైగా ఎండు చెత్త ఉండాలని చెబుతారు. అంటే ఎకరాకు మూడు టన్నుల పైచిలుకు. కోత తర్వాత పొలంలో మామూలుగా మిగిలే చెత్త చాలాచోట్ల అంత ఉండదు. కంబైన్ హార్వెస్టర్ గడ్డిని వరసలుగా వదిలితే లెక్క ఇంకా తప్పుతుంది. సగటు సరిపోయినట్టే కనిపించినా వరసల మధ్య బోడిగా మిగిలిన బద్దెల్లో కలుపు గుబురుగా లేస్తుంది.

పలచటి పొర చేసే ఎదురుపని

ఉనైజాలో అసలు తేల్చుకోవాల్సింది ఇక్కడే. వేసవిలో బోడి ఇసుక పైపొర నీరు పెట్టిన కొద్ది గంటలకే ఎండిపోతుంది. తడిసి ఉబ్బిన చిన్న గింజకు వేరు దించడానికి కావలసినంత వ్యవధి దొరకదు. పైగా తడిసిన గింజ వేడికి ఓర్వలేదు. పొడి గింజ తట్టుకునే వేడి, నీరు పీల్చిన గింజను చంపగలదు. తడిపిన నేల మీద పారదర్శకమైన పాలిథీన్ కప్పి, ఎండ వేడితోనే కలుపు గింజలనూ తెగుళ్లనూ చంపే పద్ధతి ఈ సూత్రం మీదే నిలబడింది. నేలను తడపకుండా ఆ పని చేస్తే ఫలితం చాలా తక్కువ.

ఇప్పుడు అదే పాదులో ఒకటి రెండు సెంటీమీటర్ల మందాన మట్ట ముక్కలు చల్లితే, నేల చల్లబడుతుంది, తడి రోజుల తరబడి నిలుస్తుంది. సందుల్లోంచి వెలుగూ దిగుతుంది. అడ్డంకి మాత్రం పేరుకే. గింజలకు చావుపాన్పు లాంటి నేలను నారుమడిగా మార్చినట్టవుతుంది. టీస్‌డేల్, మోలర్ల ప్రయోగాల్లో కూడా నేల ఎండిపోయే పరిస్థితిలో తక్కువ మోతాదు చెత్త మొలకలను పెంచింది. ఎడారి సేద్యంలో పలచగా చెత్త చల్లడం కన్నా అసలు చల్లకపోవడమే నయం. ఉన్న కాస్త చెత్తనూ తోటంతా సమానంగా పంచాలన్న ఆలోచన మంచిదే గాని ఇక్కడ బెడిసికొడుతుంది. పది పాదులకు చాలని మట్టలుంటే నాలుగు పాదులకు నిండుగా పరిచి, మిగతా ఆరింటిని బోడిగా వదిలి, నీటిని వేళ్లకు దగ్గరగా పెట్టడమే సరైన లెక్క.

నిండుగా పరిచిన పాదులో కూడా అంచును చూడాలి. కాలక్రమాన గాలికీ నడకకూ ముక్కలు చెదిరి, పాదు గట్టు దగ్గర పొర పలచబడుతుంది. నీరు అక్కడిదాకా వస్తుంది. లోపలంతా శుభ్రంగా ఉండి, గట్టు వెంబడి మాత్రం పచ్చని ఉంగరంలా మొలకలు లేస్తాయి.

ఊట, నత్రజని, చీమలు

చెత్త కుళ్లేటప్పుడు దానిలోంచి ఫినాలిక్ ఆమ్లాల్లాంటి రసాయనాలు ఊరి చిన్న గింజల మొలకను అడ్డుకుంటాయి. రై, జొన్న ఇందుకు పేరుపడ్డవి. ఆ ప్రభావం కొన్ని వారాలకు మించి నిలవదు. దాన్ని నమ్ముకుని పొర మందం తగ్గించడం తెలివైన పని కాదు. గోధుమ గడ్డి, ఖర్జూర మట్ట లాంటి వాటిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. కుళ్లించే సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని మట్టిలోంచి తీసుకుంటాయి. దానితో నైట్రేటు కోసం చూసే గింజలకు ఆ గుర్తు బలహీనపడుతుంది. ముక్కలను మట్టిలో కలిపేస్తే ఈ నత్రజని లాగుడు పైరుకూ తగులుతుంది. నేల మీదే ఉంచితే మట్టికి తగిలే అడుగు పొరకే పరిమితమవుతుంది. పచ్చిరొట్ట పప్పుజాతి చెత్తల్లో నత్రజని ఎక్కువ. అవి కుళ్లేకొద్దీ తోటకూర జాతి గింజలను మొలకకు పురికొల్పగలవు.

దున్నని నేలలో రాలిన గింజలు పైనే ఉంటాయి. చీమలు, కీచురాళ్లు, నేల పురుగులు వాటిని తింటాయి లేదా మోసుకుపోతాయి. చెత్త కింద నీడా తేమా ఉండటంతో ఆ ప్రాణులు పెరుగుతాయి. పొలానికి ఇది దీర్ఘకాలపు మేలు.

లొంగని మూడు

తుంగ, గరిక, దర్భ. ఇవి గింజ నుంచి కాక గడ్డల నుంచి, భూమిలో పాకే కాండాల నుంచి లేస్తాయి. గింజలో ఉన్న తిండికీ తుంగ గడ్డలో ఉన్న తిండికీ పోలికే లేదు. తుంగ మొన నల్ల పాలిథీన్ షీటునే పొడుచుకుని వస్తుంది, మట్ట ముక్కలు దానికొక లెక్క కాదు. పైగా చెత్త కింద నిలిచిన తడితో, చిన్న కలుపు పోటీ లేకపోవడంతో ఈ మూడూ మరింత ఏపుగా పెరుగుతాయి. రెండు మూడేళ్లు వరసగా చెత్త పరిచిన తోటల్లో ఏడాది మాత్రమే బతికే కలుపు తగ్గి, ఈ మొండి కలుపు పెరగడం చాలా దేశాల్లో గమనించిన మార్పు. తుంగ గడ్డలను, గరిక వేర్లను తవ్వి తీసిన తర్వాతే పొర పరవాలి. తర్వాత లేచిన ప్రతి మొననూ లేతగా ఉన్నప్పుడే పీకుతూ పోతే గడ్డలోని నిల్వ తరుగుతుంది.

కొయ్యకాళ్ల మధ్య మొక్కజొన్న

ఇదే శాస్త్రం ఆంధ్ర తీరంలో వేరే రూపంలో కనిపిస్తుంది. గుంటూరు, కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో వరి కోశాక దున్నకుండానే కొయ్యకాళ్ల మధ్య మొక్కజొన్న గింజ నాటే పద్ధతి 2000 తర్వాత బాగా పాకింది. వరి మాగాణుల్లో మినుముకు ఎల్లో మొజాయిక్ తెగులు, బంగారు తీగ బెడద పెరగడం అందుకు కొంత కారణం. ఇక్కడ నిలబడ్డ కొయ్యకాళ్లే గాని పరిచిన గడ్డి కాదు. గడ్డిని పశువుల కోసమో అమ్మకానికో ఎత్తేస్తారు. కొయ్యలు నేలను కప్పవు. తడి మిగిలిన మాగాణిలో ఊద, వరి దుబ్బుల పిలకలు, వెడల్పాకు కలుపు లేస్తాయి. అందుకే ఈ పద్ధతి మొదటి నుంచీ కలుపు మందు మీద ఆనుకుని నిలిచింది.

గడ్డి పొర ఉన్న పొలంలో ఆ మందు వాడకానికే ఇంకో చిక్కుంది. మొలకకు ముందు చల్లే మందు మట్టిని చేరాలి. పైన గడ్డి ఉంటే దానిలో పెద్ద భాగం గడ్డి మీదే ఆగుతుంది. అట్రజిన్ కొంత నీటితో కడిగి కిందికి దిగుతుంది. పెండిమిథాలిన్ నీటిలో సరిగా కరగదు, గడ్డికి పట్టుకుని ఉండి ఆవిరవుతుంది. చెత్త కలుపును సగం ఆపి, మందును కూడా సగం ఆపితే, రైతు రెండిటి ఖర్చూ పెట్టి ఒకదాని ఫలితం కూడా పూర్తిగా అందుకోడు.

పంజాబ్, హర్యానాల్లో వరిగడ్డిని కాల్చకుండా దానిలోంచే గోధుమ విత్తే హ్యాపీ సీడర్ యంత్రం ఈ లెక్కలో మెరుగు. అక్కడ గడ్డి మొత్తం పొలంలోనే పరుచుకుంటుంది. ఐసోప్రొట్యూరాన్ మందుకు 1990ల మొదట్లోనే లొంగడం మానేసిన గుల్లీ దండా అనే గడ్డి కలుపు ఆ పొర కింద తగ్గుతుంది. గోధుమ గింజ మొలక మాత్రం పొరను దాటి వస్తుంది.

పాదులో పరిచే తీరు

ఖర్జూర మట్టను చిన్న ముక్కలుగా కొట్టి, ఏడు నుంచి పది సెంటీమీటర్ల మందాన, పాదు గట్టు దాకా సందు లేకుండా పరవాలి. మరీ పొడిలా రుబ్బితే ఆ పొడే తడి పట్టి, గాలికి కొట్టుకొచ్చిన గింజలకు మడిగా మారుతుంది. వేలెడు ముక్కలైతే పైపొర త్వరగా ఆరుతుంది, దాని మీద పడ్డ గింజకు వేరు దిగదు. మాను మొదలును తాకకుండా జానెడు దూరం వదలాలి. 1987లో ఖతీఫ్‌లో బయటపడి సౌదీ తోటలను పీడిస్తున్న ఎర్ర ముక్కు పురుగు పచ్చి కోత వాసనకు వస్తుంది కనుక, పురుగు పట్టిన మాను ముక్కలను, పచ్చి మొవ్వును ఈ పనికి వాడకూడదు. బాగా ఎండిన మట్టలే వాడాలి. డ్రిప్పు గొట్టం పొర కింద ఉండాలి. గొట్టం పైన ఉంటే ముందు చెత్త తడిసి, నేలకు ఆలస్యంగా నీరందుతుంది. పొర కింద ఆవిరి తగ్గడంతో ఉప్పు పైకి పాకడం కూడా తగ్గుతుంది. ఖసీమ్ బోర్ల నీటికి ఇది చిన్న మేలు కాదు.

వేళ కూడా కలిసి రావాలి. కొందరు కాయ కోత ముగిశాక మట్టలు నరుకుతారు, కొందరు పూత పరాగం అద్దే వేళ నరుకుతారు. అరేబియా తోటల్లో చక్రవర్తికూర జాతి, మాల్వా, సోంకస్ లాంటి చలికాలపు కలుపు వేసవి తగ్గాక, నేల చల్లబడుతుండగా మొలుస్తుంది. సుక్కరీ కోత ముగిసే సమయమూ దాదాపు అదే. అప్పుడు నరికిన మట్టలను ఎండనిచ్చి, కొట్టి, తొలి మొలకలు లేవకముందే పరిస్తే ఆ కాలమంతటికీ పొర పనికొస్తుంది. వసంతంలో నరికినవి, అప్పటికి కుంగి పలచబడ్డ పొర మీద మళ్లీ వేయడానికి, వేసవిలో లేచే పావిలికూర, తోటకూరలను ఆపడానికి సరిపోతాయి.